చక్కెర పేర్లు – చెరకు విల్లు

ఫాల్గుణ పూర్ణిమను తెలంగాణమున కామునిపున్నమ యందురు. మన మొయినాబాదు, చేవెళ్ళ వైపున ఆ పండుగకు పెద్దలు పిల్లల మెడలో చక్కెర పేర్లు వేయుదురు. పేరనగా హారము.

చక్కెరను పాకముపట్టి, దారముంచిన చెక్క అచ్చులలో పోయుదురు. చల్లారి గట్టిపడిన పిదప అచ్చు విప్పిన బిళ్ళలహారము సిద్ధము. గడ్డచక్కెరకు సంస్కృతమున 'ఖండ' మని పేరు. ఆ శబ్దమే పారసీ, అరబ్బీ భాషలలో 'కంద్' అయి, ఐరోపా చేరి 'క్యాండీ' యైనది.

కాముని దహించిన పండుగకు తీపి యేల? మన్మథుని విల్లు చెరకు గదా! ఆ చెరకే గానుగలో నలిగి, నిప్పుపై కాగి, మడ్డి తొలగి చక్కెర యగుచున్నది. పరమశివుడును కాముని భస్మము చేసి, రతీదేవి మొరవిని, అనంగునిగా నిలిపెను. కోరికను కాచి శుద్ధిచేయుటయే ధర్మమని భావము.

భక్తులారా! రాత్రి కాముని కాల్చి, తెల్లవారి మద్యము త్రాగి, వలదన్న ఆడపడుచులపై రంగు చల్లువాడు కాల్చినది కట్టెలనే గాని కాముని గాదు. పసిబిడ్డను చూడుడు: మెడలోని పేరును తానే విరిచి తోడివారికి పంచును. దాచిన పేరు చెమ్మకు కరగును. పంచినది పదిమంది నోళ్ళు తీపిచేయును. అట్టి బుద్ధిని పరమేశ్వరుడు మనకు ప్రసాదించుగాక!