రెండును మంచివే అయినప్పుడు

మంచిచెడ్డల నడుమ ఒకదానిని ఏరుకొనుట గూర్చి మనము తరచుగా మాటలాడుకొందుము. రెండును మంచివే, రెండును ఇంచుమించు ఒక్కటే అయినప్పుడు మన మనస్సు ఏమి చేయునో అంతగా తలచుకొనము.

మా తమ్ముని కుమారుడు ఆటలాడుకొనుటకు కంప్యూటరును తానే కూర్చుకొనవలెనని ఏడాదిపాటు డబ్బు దాచెను. దానికి మదర్‌బోర్డు ఇంటికి దూలము వంటిది. ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు అన్నియు దానిమీదనే నిలుచును. బి650 ఒకటి, బి650ఇ ఒకటి అతని యెదుట నిలిచెను. రెండు రకములును ఎ.ఎం.డి. ప్రాసెసర్లకొరకు 2022లో వచ్చినవే. సాకెట్టు ఎ.ఎం.5, మెమరీ డి.డి.ఆర్.5, లోపలి చిప్పుకూడ ఒక్కటే. తేడా యేమనగా, గ్రాఫిక్స్ కార్డునకు బి650ఇలో పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ 5వ తరపు దారి యుండును, బి650లో 4వ తరపుది. 5వ తరపు దారిలో రెట్టింపు సమాచారము పోగలదు. అయితే అతడు కొనదలచిన కార్డే 4వ తరమునది! ఒంటెద్దు బండికి బాట ఎంత వెడల్పయిన నేమి?

మూడు వారములు నిద్ర మానుకొని వెదకి, తుదకు మా యొద్దకు వచ్చెను. "ఖరీదైనదే తీసుకుంటాను పెదనాన్నా, రేపు పనికొస్తుంది" అనెను.

"రేపు" అను మాట యెదుట మేమును తడబడితిమి. 2016లో వచ్చిన ఎ.ఎం.4 సాకెట్టు అనేక సంవత్సరములు నిలిచెను. పాత బోర్డులమీదనే క్రొత్త ప్రాసెసర్లు పెట్టుకొన్నవారు కలరు. గనుక ముందుచూపును వెర్రియనజాలము.

"నిజంగా రేపటికోసమేనా?" అని అడిగితిమి. కొంతసేపు ఊరకుండి, తన స్నేహితుడు బి650ఇ కొన్నాడని చెప్పెను.

అతనిని మందలించుటకు మాకు నోరు రాలేదు. మేము ఫోను కొన్ననాడు మా పొరుగువారి ఫోను మా తలలో లేదా? వస్తువుల నడుమ తేడా సన్నగిల్లినకొలది, ఏరుకొను పని వస్తువు చేతిలోనుండి జారి మన కోరిక చేతిలో పడును. అది తన పేరు చెప్పుకొనదు. "రేపు" అనియో, "అవసరము" అనియో చెప్పుకొని వచ్చును. రెండును ఒకటే గనుక ఏదైన నొకటేయని కొందరందురు. ధర ఒకటి కాదు గదా! ఆ తేడా కొరకు అతడు పవర్ సప్లైని నాసిరకముది వ్రాసుకొనియుండెను. కంప్యూటరులోని ప్రతి భాగమును దానిమీద బ్రతుకవలెను.

మరునాడు బి650 తెప్పించుకొని, మిగిలిన సొమ్ముతో మంచి పవర్ సప్లై కొనెను. ఆ స్నేహితుని యింటికి పోయి వచ్చిన దినమున మాత్రము భోజనమువేళ ఎవరితోను మాటలాడలేదు.