దాచాలా, చెప్పాలా?

మా మేనకోడలు నర్సు. అనంతగిరి కొండల్లో పుట్టింది, ఆశ్రమ పాఠశాలలో చదివింది, విశాఖలో నర్సింగ్ పూర్తి చేసింది. అమెరికాలో స్థిరపడటానికి ఇమ్మిగ్రెంట్ వీసాకు దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూకు ముందు హైదరాబాదులో మెడికల్ పరీక్ష చేయించుకోవాలని చెప్పారు. రైలెక్కే ముందు రెండు రోజులు భీమునిపట్నంలో మా ఇంట్లో ఉంది. రెండో రోజు సాయంత్రం గోస్తనీ సముద్రంలో కలిసే చోట కూర్చున్నాం. మా కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చే ఆ ఏరు అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు అడిగింది: “మావయ్యా, నాకు టీబీ వచ్చిన సంగతి వాళ్లకు చెప్పాలా?”

నర్సింగ్ రెండో ఏడాదిలో ఆమెకు టీబీ వచ్చింది. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా మందులు మింగింది. తగ్గింది. చికిత్స కార్డు ఇంకా దాచుకుంది. కానీ వీసా కాగితాలు చూసిపెట్టే ఒకాయన “ఆ మాట ఎత్తొద్దు, లేదని రాసెయ్” అన్నాడట.

“మనోళ్లని ఆపడానికి ఎవరైనా ఏదో ఒక వంక వెతుకుతారు. ఆ వంక నేనే తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టాలా?” అంది.

బడిలో పిల్లలకు నిజం చెప్పమని ఇరవై ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి. అయినా ఆ మాటకు వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. మేము కూర్చున్న ఆ తీరమే ఒకప్పుడు పెద్ద రేవు. ఇక్కడి నుంచి స్టీమర్లు కూలీలను రంగూనుకు తీసుకెళ్లేవి. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మొదటిసారి ఒప్పంద కూలీలను మోసుకెళ్లింది. ఆ తర్వాతి ఏళ్లలో విశాఖపట్నం జిల్లా నుంచి కూడా ఎందరో అక్కడి చెరకు తోటలకు వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకీ వెళ్లారు. ఫిజీ వెళ్లినవారి పాసుల్లో పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు రాసి ఉంటాయి. శరీరంలోనూ మనసులోనూ ఏ రోగమూ లేదని, టీకా వేశామని డాక్టరు సంతకం ఉంటుంది. మన కొండల నుంచి సవరలు, ఖోందులు అస్సాం తేయాకు తోటలకు పోయినప్పుడూ గట్టి ఒళ్లున్నవాళ్లనే ఏరుకున్నారు.

ఆ డాక్టరు ‘ఫిట్’ అని రాశాడంటే ఆ మనిషి పనికొస్తాడని అర్థం. ఎద్దును కొనేముందు పళ్లు చూసినట్టే చూశారు. ఆ మనిషికి ఏ మందు కావాలో, ఏ తిండి కావాలో ఆ పాసులో ఎక్కడా ఉండదు.

తెల్లవాళ్లకు కూడా ఈ అనుభవం ఉంది. న్యూయార్క్ దగ్గర ఎల్లిస్ ఐలాండ్‌లో 1892 నుంచి ఓడలు దిగిన బీద యూరోపియన్లను డాక్టర్లు వరుసలో నడిపించి చూసేవారు. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవారు. కుంటితనానికి ‘ఎల్’, గుండెకు ‘హెచ్’, మతి సరిగా లేదనుకుంటే ‘ఎక్స్’. ఇంతకంటే సిగ్గుచేటైనది 1979లో లండన్ హీత్రూ విమానాశ్రయంలో జరిగింది. పెళ్లి చేసుకోవడానికి వచ్చిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి డాక్టరు చేత కన్యాత్వ పరీక్ష చేయించారు. పత్రికల్లో రాగానే గగ్గోలు పుట్టింది, ఆ పద్ధతి ఆపేశారు. ఒక స్త్రీని అవమానించడానికి కూడా డాక్టరు చెయ్యి పనికొస్తుందని ఆ సంఘటన చూపించింది.

ఇంత చరిత్ర ఉన్నప్పుడు, దాచుకోవడం బలహీనుడి హక్కు కాదా? ఆ రాత్రి నన్ను నిద్ర పోనివ్వని ప్రశ్న ఇదే.

ఇప్పటి పరీక్ష ఏం అడుగుతుందో కూడా చూడాలి కదా. పొద్దున్నే పాస్‌పోర్టు, ఫోటోలు, టీకాల కాగితాలు పట్టుకుని వెళ్లాలి. పాత జబ్బుల గురించి అడుగుతారు. బరువు, ఎత్తు, చూపు చూస్తారు. గౌను వేసి గుండె, ఊపిరితిత్తులు, చర్మం పరీక్షిస్తారు. సిఫిలిస్ కోసం రక్తం తీస్తారు. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. అందులో మచ్చ కనిపిస్తే మూడు రోజులు వరుసగా కళ్లె ఇవ్వాలి. దాన్ని కల్చర్ చేసి ఫలితం రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. క్రిములు ఉంటే చికిత్స పూర్తి చేసుకుని మళ్లీ రమ్మంటారు. అంటే టీబీ దగ్గర ఈ పరీక్ష తలుపు మూసెయ్యదు, బాగుపడి రమ్మంటుంది.

టీబీ గాలిలో పోయే జబ్బు. విమానంలో పక్క సీటులో కూర్చునేది ఒక పసిబిడ్డ తల్లి కావచ్చు. రేపు మా మేనకోడలు పనిచేసే వార్డులో కీమోథెరపీ తీసుకునే ముసలాయన ఉండొచ్చు. వాళ్లెవరూ మనల్ని ఓడ ఎక్కించినవాళ్లు కారు. తాతలకు జరిగిన అన్యాయానికి వాళ్ల ఊపిరి మీద పగ తీర్చుకోలేం. కాబట్టి ఇంకొకరిని తాకే నిజాన్ని చెప్పాల్సిందే. అడిగేవాడు మంచివాడా చెడ్డవాడా అన్నదాన్ని బట్టి ఆ బాధ్యత మారదు.

మరి ఇంకెవరికీ హాని చెయ్యని జబ్బు సంగతి? కొన్ని దేశాలు వలస వచ్చేవారి వైద్యానికి ఎంత ఖర్చవుతుందో లెక్క కడతాయి. కెనడా, ఆస్ట్రేలియా చట్టాల్లో ఈ లెక్క ఉంది. వైకల్యం ఉన్న బిడ్డ కారణంగా ఒక కుటుంబం మొత్తం ఆగిపోయే వీలుంది. ఇక్కడ ప్రశ్నే తప్పని నా నమ్మకం. మనిషిని ఖర్చుగా చూడటం పాత పాసులో రాసిన ‘ఫిట్’కు దగ్గరి చుట్టమే.

అయితే తప్పు ప్రశ్నకు అబద్ధపు జవాబు రాస్తే ఒక్కరు దాటుకుంటారు, ప్రశ్న అక్కడే ఉంటుంది. వెనక వచ్చేవాడు మళ్లీ అక్కడే ఆగుతాడు. హెచ్ఐవీ ఉన్నవారిని రానివ్వకూడదని అమెరికా 1987లో నియమం పెట్టింది. దానికి నిరసనగా 1992లో బోస్టన్‌లో జరగాల్సిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సును ఆమ్‌స్టర్‌డామ్‌కు మార్చేశారు. రోగులు, డాక్టర్లు కలిసి ఏళ్ల తరబడి బహిరంగంగా అడిగారు. 2010 జనవరిలో ఆ నిషేధం తొలగింది. 2012లో గానీ సదస్సు మళ్లీ అమెరికాకు వెళ్లలేదు. ప్రశ్నను మార్చింది ఆ బహిరంగ పోరాటమే.

ఈ సంగతి విదేశం పోయేవాళ్లకే అనుకోవద్దు. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. ఈ పరీక్ష మనకు మేలు చేసేదే. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు ఉంటుంది. పెళ్లాడబోయే ఇద్దరూ ఒకరికొకరు ఆ మాట చెప్పుకోవాలి. కానీ తరగతిలో అందరి ముందు పేరు చదివి కార్డు ఇచ్చే హక్కు ఉపాధ్యాయుడికి లేదు. వాహక లక్షణం జబ్బు కాదు. సికిల్ సెల్ అంటుకునేదీ కాదు. అలా పేరు చదివామంటే మన పిల్ల గౌను మీద మనమే సుద్దముక్కతో అక్షరం రాసినట్టు.

మర్నాడు పొద్దున స్టేషన్‌కు తీసుకెళ్తూ నాకు తోచింది చెప్పాను: “ఇంకొకరికి తగిలేదైతే చెప్పు తల్లీ. నీ ఒక్కదానిదే అయితే నీదే. ఆ కాగితం మీద ఏం రాసినా, నీ విలువ రాయడానికి మాత్రం అందులో గడి లేదు.” ఆమె ఏమీ అనలేదు.

హైదరాబాదులో కార్డు చూపించింది. ఎక్స్‌రేలో పాత మచ్చ ఉంది. మూడు రోజులు కళ్లె ఇచ్చి, ఫలితం కోసం ఆగాల్సి వచ్చింది. ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. ఫోన్లో ఏడ్చింది. కొంచెం ఆగి, “దాచినా మచ్చ చెప్పేసేది మావయ్యా. అప్పుడు అబద్ధం కూడా నెత్తి మీద పడేది” అంది. ఆమె పడ్డ కష్టానికి నా సలహా కూడా కారణమే. ఆ బరువు నేను దించుకోలేను.

ఆ రెండు నెలలూ ఊళ్లో ఉంది. పొయ్యి దగ్గర కూర్చుని తన ఛాతీ ఫోటో అమ్మమ్మకు చూపించిందట. మా అమ్మ నాలుగు వారాలుగా దగ్గుతోంది. దాన్ని దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసి, “ఇది దేశం పోయేవాళ్లకేనా, ఇక్కడుండేవాళ్లకి తీయరా?” అని అడిగిందట.

మర్నాడు మా మేనకోడలు అమ్మను జీపులో ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. పోయేవాళ్లకు తప్పనిసరైన ఎక్స్‌రే ఉండేవాళ్లకు దూరాభారం ఎందుకైందని మనం కూడా అడగాలి. ఒక దేశం తన ప్రజల ఊపిరి కాపాడుకోవడానికి మనల్ని ఆపి పరీక్షిస్తోంది. మన ఊపిరి కోసం మనల్ని ఎవరు ఆపి చూస్తున్నారు?