ఊపిరి తడి

పండుగ తేరు ప్రదక్షిణ ముగియగానే బ్యాండు మేళం వాళ్లకు ముందు గుర్తొచ్చేది భోజనం. రెండు గంటలు ఊదినవాణ్ణి తప్పు పట్టలేం. కాని క్లారినెట్‌ను పెట్టెలో పెట్టే ముందు చేయవలసిన చిన్న పని ఒకటుంది. దాన్ని ఎవరూ చూడరు.

ఊపిరి వెచ్చనిది, తేమ గలది. అది చల్లని గొట్టంలోకి పోయి లోపలి గోడల మీద నీరై జారుతుంది. చూసినవారు ఉమ్మి అనుకుంటారు గాని చాలావరకు అది ఊపిరి నీరే. ముందు రీడును విప్పి విడిగా ఆరబెట్టాలి. తర్వాత దారానికి ఒక కొసన చిన్న బరువు, రెండో కొసన మెత్తని గుడ్డ కట్టి, సుమారు 15 మిల్లీమీటర్ల వెడల్పున్న రంధ్రం గుండా మెల్లగా రెండు మూడుసార్లు లాగాలి. గుడ్డ ఉండ చుట్టుకుంటే మధ్యలో ఇరుక్కుంటుంది. ముక్కలు కలిసే చోట నీరు నిలుస్తుంది కనుక అక్కడ వేలికి గుడ్డ చుట్టి తుడవాలి. ఓబో వాయించేవారిలో కొందరు సన్నని పై ముక్కకు పక్షి ఈకను వాడతారు. మొత్తం మీద రెండు మూడు నిమిషాల పని.

మంచి క్లారినెట్లను టాంజానియా, మొజాంబిక్ వంటి ఆఫ్రికా దేశాల్లో పెరిగే నల్లని గట్టి చెక్కతో చేస్తారు. లోపలి పొర తడికి ఉబ్బుతుంది, బయటి పొర పొడిగానే ఉండిపోతుంది. ఆ లాగుడుకు ఒకనాడు చెక్క నిలువునా చీలుతుంది, ఎక్కువగా పై ముక్కలో. ప్లాస్టిక్ వాటికి ఆ భయం లేదు. కాని వాటిలోనూ రంధ్రాలు మూసే మెత్తలు నానీ నానీ గట్టిపడి గాలి వదిలేస్తాయి.

1976లో మా విచారణ బ్యాండులో చెక్క క్లారినెట్ ఒకటే ఉండేది. నలుగురు పిల్లలం వంతులవారీగా నేర్చుకునేవాళ్లం. మీటలను మాత్రం నేను చొక్కా అంచుతో తళతళలాడేట్టు తుడిచేవాణ్ణి, అవి ఫాదర్ గారికి కనబడతాయి గదా! లోపలికి గుడ్డ లాగింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. (గిన్నె వెలుపలి భాగాన్ని గురించి ప్రభువు చెప్పిన మాట మీకు ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. నేను చెప్పదలచింది అది కాదు.)

క్రీస్తు జయంతికి ముందు ఒక చలి ఉదయం, మాలో అందరికన్నా చిన్నవాడి చేతిలో అది చీలింది. “లోపల తుడిచావురా?” అన్నారు మాస్టారు. “నిన్న తుడవలేదండి” అన్నాడు వాడు. నిజమే చెప్పాడు. ఇక బ్యాండుకు రావద్దన్నారు. మేము ముగ్గురం పక్కనే నిలబడి ఉన్నాం.

ఒక్కనాటి తడికి చెక్క చీలదని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. అయితే నలుగురిలో ప్రతి ఒక్కరూ ఆ మాటే అనవచ్చు. అందరూ నిర్దోషులే అయితే చీల్చింది ఎవరు? తప్పును నాలుగు పాళ్లు చేసి పంచుకుందామంటే, ప్రియ పాఠకులారా, ఆ లెక్క నాకు కుదరడం లేదు. అది ఏనాటికీ చీలకపోయినా, నా తర్వాత నోట పెట్టుకోబోయే వాడికి నేను తడి గొట్టాన్నే అప్పగించాను. తప్పు ప్రతి సాయంత్రం పెట్టె మూసినప్పుడే జరిగిపోయింది. చీలిక దాన్ని బయటపెట్టిందంతే. ఇక ఆ ఉదయం నేను నోరు విప్పకపోవడం ఉంది చూశారూ, దానికి పాళ్లు లేవు. అది మొత్తం నాదే.

పాపసంకీర్తనంలో సోమరితనం అని చెప్పుకున్నాను. ఆ పిల్లవాడి సంగతి ఎత్తలేదు. ఫాదర్ గారు అడగనూ లేదు.

అతను ఇప్పటికీ మా ఊళ్లోనే ఉన్నాడు. ఈ పత్రిక కూడా వాళ్లింటికి వెళుతుంది. ఇది అచ్చులో చూసేలోగా నేనే వెళ్లి నోటితో చెప్పాలి.