సముద్రతీర వైరాగ్యము

నిలువని వైరాగ్యములను మన పెద్దలు మూడింటిని లెక్కించి చెప్పిరి. శ్మశానమునుండి ఇల్లు చేరులోపలనే చల్లారిపోవునది ఒకటి. ప్రసవవేదనలో పుట్టి బిడ్డ మొగము చూడగానే మాసిపోవునది ఒకటి. పురాణము వినుచున్నంతసేపు నిలిచి, పౌరాణికుడు పుస్తకము కట్టగానే తానును లేచిపోవునది ఒకటి. సముద్రమును చూచుటకే సముద్రమునొద్దకు పోవువారు ఆ కాలమున అరుదు గనుక కాబోలు, నాలవదానిని వారు చెప్పలేదు. భుజమున ఒక సంచి, జేబులో తిరుగు టికెట్టు, వెంట ఎవ్వరును లేరను సుఖము, ఈ మూడును గలిగి తెలతెలవారువేళ ఇసుకమీద నిలిచినవానికి, అలలు వచ్చి విరిగి మరలిపోవుట చూచుచుండగా, ఇల్లేమి, వాకిలేమి, నే నేమి అను భావమొకటి లోపల పుట్టును. దానికి సముద్రతీర వైరాగ్యమని పేరు పెట్టవచ్చును. ఒంటరిగా దేశము తిరుగువారు నానాటికి పెరుగుచున్న ఈ దినములలో, గుడిలో దొరకని శాంతి కడలియొడ్డున దొరకినదని చెప్పువారును పెరుగుచున్నారు. ఆ మాటను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. పరీక్షింపక ఒప్పుకొనుటయు న్యాయము కాదు.

ఏలయనగా, ఆ యాత్రికుడు కోరుచున్న స్థితికి మన దర్శనములలో గొప్ప గౌరవమున్నది. ముండకోపనిషత్తు ఒకే చెట్టుమీద రెండు పక్షులను కూర్చుండబెట్టి, ఒకటి పండు తినుచుండగా రెండవది తినక చూచుచుండునని చెప్పి, ఆ చూచుదానికే పెద్దపీట వేసినది. సాంఖ్యులు ఇంకను ముందుకు పోయిరి. ఈశ్వరకృష్ణుని కారికలలో ప్రకృతి రంగస్థలమున ఆడు నర్తకి, పురుషుడు ఆమెను చూచువాడు. తన్ను చూచుట ముగిసినదని తెలిసినంతనే ఆమె ఆట చాలించును, అతడు విడివడును. ఆడుట ఒకరిది, చూచుట ఒకరిది. చూచువానికి ఆటతో అంటు లేదు. ఒడ్డున ఒంటరిగా నిలిచి, ఎవరికిని ఏమియు కానివాడై, అంతటిని చూచి పోవు యాత్రికుడు తాను ఈ సాక్షిపదమునకు దగ్గరగా వచ్చితినని తలపోసినచో, దానికి శాస్త్రాధారము లేకపోలేదు. అయినను సాక్షికిని ప్రేక్షకునికిని భేదమున్నదా లేదా అను ప్రశ్న మిగిలియే యున్నది. ఆ ప్రశ్నను గ్రంథములలో కంటె భావనపాటి ఇసుకమీద విచారించుట సులభమని నాకు తోచినది.

భావనపాడు శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలములోని బెస్తపల్లె. విశాఖపట్టణమున రామకృష్ణా బీచికి పోయినవానికి కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, రోప్‌వే, ఒకదాని వెంట ఒకటి చూపులు దొరకును. దినమంతయు వానికి ఎవరో ఒకరు ఏదో ఒకటి చూపుచునేయుందురు. ఇక్కడ చూపుటకై ఎవరును ఏమియు సిద్ధపరచియుంచలేదు. నౌపడలోనో టెక్కలిలోనో దిగి, ఆటో పట్టుకొని, తళతళలాడు ఉప్పుమళ్ళ ప్రాంతము దాటి వచ్చినచో, దారి ముగియుచోట సరుగుడుచెట్లును, ఇసుకయు, ఇసుకమీదికి లాగిన ఫైబరు పడవలును, ఆరబెట్టిన వలలును, అటుపిమ్మట సముద్రమును కనబడును. ఏకాంతము కోరువానికి ఇంతకంటె తగిన చోటుండదు. కాని ఇచ్చటి ఏకాంతము ఎక్కువసేపు నిలువదు.

ఆ ఉదయమున అలివి వల లాగుచుండిరి. పడవమీద వలను లోపలికి గొనిపోయి, అర్ధచంద్రాకారముగా నీటిలో విడిచి, దాని రెండు కొసల త్రాళ్ళను ఒడ్డునకు చేర్చుదురు. ఒక్కొక్క త్రాటికి ఒక్కొక్క వరుస జనము పూని, మడమలు ఇసుకలో గ్రుచ్చి, వీపులు వెనుకకు వాల్చి, అడుగువెనుక అడుగు వేయుచు లాగుదురు. కొస చేరినవాడు త్రాడు విడిచి, నీటియొద్దకు పరుగెత్తి, మరల మొదట పట్టుకొనును. రెండు వరుసలును దూరదూరముగా మొదలై, వల దగ్గరకు వచ్చినకొలది ఒకదానికొకటి చేరువగును. నేను చేతులు కట్టుకొని చూచుచుంటిని. వరుసలోని వృద్ధుడొకడు తల త్రిప్పకయే, "ఏటి బాబూ, అలగ సూస్తన్నావు? సూస్తే వలొస్తాదేటి? ఓ సెయ్యెయ్యి" అనెను. ఆ మాటలో నిష్ఠూరము లేదు, వేళాకోళము లేదు. చేతులున్నవానిని చూచి చేయి వేయుమనుటయే. పట్టితిని. తడిసి ఉప్పెక్కిన త్రాడు అరచేతిని ఒరసికొనిపోవుచుండెను. త్రాటికి ఆవలి కొసనున్న బరువు ఒక్క మనిషిది కాదని, అది సముద్రము తనవైపు లాగుకొనుచున్న బరువని అప్పుడు తెలియును. అది ఎంత చూచినను తెలియునది కాదు.

వల ఒడ్డెక్కిన పిమ్మట నెత్తళ్ళు, కవళ్ళు, రెండో మూడో కానాగంతలు బయటపడినవి. ఆడవారు తట్టలతో వచ్చిరి, వాటాలు పంచిరి. వృద్ధుడు నాకును ఒక దోసెడు నెత్తళ్ళు పోయబోవుచు, "నీ పాలు నీకు, తీసుకో" అనెను. వాటిని నేనేమి చేయుదును? పొయ్యి లేదు, మూకుడు లేదు, వండువారు లేరు. ఒంటరితనమను ఐశ్వర్యముతో వచ్చినవానికి తన పాలు పుచ్చుకొనుటకు ఒక గిన్నెయైన లేకపోయెను. "నాకు ఇక్కడ ఇల్లు లేదు తాతా" అంటిని. ప్రక్కన టీ కాచుచున్న ముసలమ్మ విని, "ఇల్లు లేకపోతే ఏటయిందిరా బాబూ, ఇలాగియ్యి, ఏపిస్తాను" అనెను. ఆ వేపుడు తినుచు నేను తెలిసికొన్నది ఇది: లోకమునుండి విడివడుట సులభము, లోకము పెట్టినదానిని పుచ్చుకొనుటకు మాత్రము మరల ఎవరి పొయ్యినో ఒకరిదానిని ఆశ్రయింపక తప్పదు. ఉపనిషత్తులోని రెండవ పక్షి తినదు గనుక దానికి ఈ చిక్కు లేదు. యాత్రికుడు తినును.

మిట్టమధ్యాహ్నమున టెక్కలి దగ్గరి రావివలసకు పోయితిని. అచ్చటి దేవుడు ఎండల మల్లికార్జునుడు. గర్భగుడి చీకటిలో దీపపు వెలుగున కనబడు దేవుడు కాడు. నిలువెత్తు లింగము, పైని కప్పు లేదు, ఎండయు వానయు నేరుగా తలమీద పడును. కార్తికమున జనము విరగబడి వచ్చుదురు. తక్కిన దినములలో మధ్యాహ్నపువేళ పోయినవానికి స్వామియు, ఎండయు, తానును మాత్రమే మిగులుదురు. గుడి కట్టబోగా స్వామి తనకు నీడ వలదనెనని స్థానికులు చెప్పుకొందురు. ఆ కథకు చరిత్ర సాక్ష్యము వెదకనక్కరలేదు. దానిని చెప్పుకొనువారు ఎవరో చూచిన చాలును. చుట్టుప్రక్కల పొలములలో వంగువారు, నౌపడ ఉప్పుమళ్ళలో నడువేసవిని పలుగరలతో ఉప్పు దగ్గరకు లాగువారు, వీరి దేవుడు నీడపట్టున కూర్చుండిన వీరికి ఏమి ఊరట? ఉప్పు పండుటకు ఎండ కావలయును, ఎండ ఎంత కాచిన ఉప్పు అంత పండును. అందుచేత ఆ ఎండను శపించుటకును వీలులేదు, ఓర్చుటయే గతి. తనకు నిమిత్తము లేని ఎండను తానుగా కోరి ఓర్చుచున్న దేవుడు వారిని చూచుచున్నాడనిన, ఆ చూపునకు అర్థమున్నది. నీడనుండి చూచు చూపు వేరు, ఎండలోనుండి చూచు చూపు వేరు.

సాయంకాలమునకు తేలినీలాపురము. గూడబాతులును ఎర్రకాళ్ళ కొంగలును సెప్టెంబరు అక్టోబరులలో వచ్చి, ఊరిలోని చెట్లమీదనే గూళ్ళు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురులోపల ఎగిరిపోవును. వచ్చిన చూపరులు అరగంట చూచి, ఫొటోలు తీసికొని, ఆహా యని పోవుదురు. ఊరివారి సంగతి అట్టిది కాదు. చేపలు తిను పక్షుల రెట్టల వాసన దినదినమును వారి వాకిళ్ళలోనిది. తెల్లవారుజామున ఆ అరపులు వారి నిద్రలోనివి. గూటినుండి జారిపడిన పిల్ల వారి పెరటిలోనిది. అయినను వారు ఆ పక్షులను తరుమరు. గూటి అంచున ఒక గూడబాతు వాలగానే పిల్ల తన తలను మెడవరకు తల్లి ముక్కు సంచిలోనికి దూర్చి, లోపలనుండి చేప లాగుకొనుచుండుటను నేను చూచితిని. తల్లి నోరు తెరచి, కన్ను ఆర్పక, నిలదొక్కుకొనియుండెను. ఈ పక్షుల మేత నౌపడ తంపరయను చిత్తడినేల నీళ్ళలోనిది. ఆ తంపరలో కాకరాపల్లివద్ద థర్మల్ కేంద్రము వలదని జనము ఎదురుతిరుగగా, 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. చెట్టుక్రింద నిలిచి పక్షిని చూచువానికి ఈ వృత్తాంతము తెలియవలెనను నియమమేమియు లేదు. తెలిసినచో, ఆ పక్షి తినుచున్న చేప వెనుక ఎవరి భారమున్నదో తెలియును.

ఇక మొదటి ప్రశ్నకు మరలుదము. సాంఖ్యుల పురుషుడు చూచి విడివడును. భగవద్గీత దానితో తృప్తిపడలేదు. పదమూడవ అధ్యాయమున ఈ దేహమందలి పరమపురుషుని చెప్పుచు, దగ్గరనుండి చూచువాడనుటతో ఆగక, సమ్మతించువాడనియు, భరించువాడనియు, అనుభవించువాడనియు వరుసగా చెప్పినది. సాక్షిత్వమును తుదిమెట్టుగా గాక మొదటిమెట్టుగా నిలిపినదన్నమాట. ఈ తీరపు దైవమే దీనికి నిదర్శనము. శ్రీకాకుళమునకు చేరువనున్న శ్రీకూర్మములో, రెండు ధ్వజస్తంభముల నడుమ పడమటి మొగమై వెలసిన స్వామి కూర్మావతారుడు. క్షీరసాగరమథనమున దేవతలు ఒకవైపు, అసురులు ఒకవైపు వాసుకిని పట్టి లాగిరి. ఎవరికి రావలసినది వారు అడిగిరి, కొందరికి దొరకినది, కొందరికి దొరకలేదు. క్రుంగిపోవుచున్న మందరమును వీపున మోసిన కూర్మము ఆ త్రాడు లాగలేదు, కూర్మమై ఏ పాలును అడుగలేదు. ఫలమునకు దూరముగా నుండుటలో అది సాంఖ్యుల పురుషునకు తీసిపోదు. కాని దూరముగా నుండుటకై ఒడ్డెక్కి కూర్చుండలేదు; అడుగున నుండెను. వైరాగ్యమనగా ఫలము నొల్లకుండుట. భారము నొల్లకుండుట కాదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. ఒక్క పగలు ఉండిపోవు పరదేశి ఎవరి భారమును మోయగలడు? మరునాడు ఆ త్రాడు మరల అక్కడి వారిదే గదా? నిజమే. ఈ జిల్లానుండి బ్రతుకుతెరువునకై గుజరాతు వేరావలుకు పోయి, అక్కడి పడవలలో వేటాడుచు, 2018 నవంబరులో పాకిస్తాను వారి చేతబడి, 2020 జనవరిలోగాని ఇల్లు చేరలేకపోయిన మత్స్యకారులున్నారు. వారి ఇల్లాండ్రు ఎదురుచూచిన సముద్రమే యాత్రికునికి శాంతి నిచ్చిన సముద్రము. వారు పట్టుబడిన 2018లోనే అక్టోబరు 11న తిత్లీ తుపాను పల్లిసారథివద్ద తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చినది. ఆ కష్టమును పరదేశి తీర్చలేడు. అయినను అతనికి చేతనైన భారములు లేకపోలేదు. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు సముద్రములో మరపడవల వేట నిషిద్ధము; ఆ దినములలో పల్లెలో పొయ్యి ఎట్లు రాజునో తెలిసినవాడు, తక్కిన దినములలో తట్టముందు కూర్చుండి అయిదు రూపాయలకు బేరమాడడు. మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన రేవు ఈ తీరపు రూపును మార్చునని విని, తన ఏకాంతము పోవునని మాత్రమే వగచువాడు ప్రేక్షకుడు; భూమి పోయినవానికి ఏమి వచ్చునో, వల వేయువానికి చోటు మిగులునో లేదో అడుగువాడు, ఏమియు చేయజాలకున్నను, సాక్షి.

మన వెనుకటి యాత్రికులకు ఇది తెలిసినదే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసునుండి కాశికి బయలుదేరి, తిరుగుదారిలో జగన్నాథముమీదుగా ఈ ఉత్తరపు తీరమువెంటనే వచ్చిరి. వారు భక్తులు, అయినను వారి కాశీయాత్రాచరిత్రలో దేవతాదర్శనములతో సమానముగా ఏ మజిలీలో నీరెట్లున్నది, అంగడులున్నవా, బాట ఎట్టిది, అక్కడి జనుల నడవడి ఎట్టిది అను సంగతులు నిండియున్నవి. వెనుక వచ్చువారికి ఉపయోగింపవలెనని చూచిన చూపది. పరివారముతో తిరిగినను ఆయన సాక్షియే. ఒంటరిగా తిరిగినంతమాత్రమున ఎవడును సాక్షి కాజాలడు.

కావున ఒంటరి యాత్రను నేను నిందింపను. గుంపుతో వచ్చువాడు గుంపునే చూచుకొని పోవును; ఒంటరివానికే ఎదుటివాని పిలుపు వినబడును, "ఓ సెయ్యెయ్యి" అను మాట వానినే వెదకికొని వచ్చును. అదియే ఆ ఏకాంతమునకు గల ప్రయోజనము. సముద్రము చూచి పొందిన శాంతియు అనుభవమే, ముసలమ్మ వేపిపెట్టిన నెత్తళ్ళ రుచియు అనుభవమే. రెండును వలదనుట ధర్మము కాదు, ఎవరును అనరు. గీతలోని వరుసను గమనించిన, అనుభవించువాడను మాట భరించువాడను మాటకు తరువాతనే వచ్చుచున్నది. యాత్రికుడు ఆ వరుసను తలక్రిందులు చేయకున్న చాలును.