వాల్వు పేరు, వాల్వు పుట్టుక

ఒక వస్తువు ఫలానాదే అని దేన్నిబట్టి నిర్ణయించాలి? దాని పేరును బట్టా, అది చేసే పనిని బట్టా, అది పుట్టిన తీరును బట్టా? తత్త్వశాస్త్రంలో చాలా పాతదైన ఈ ప్రశ్న, పాత ఆడియో వాల్వులు సేకరించేవారికి నిత్యం ఎదురయ్యేదే. ‘ముల్లార్డ్’ అని అచ్చువేసిన ఒక ఈసీసీ83 వాల్వు చేతికి వస్తే ఈ మూడు ఆధారాలూ మూడు దిక్కులకు లాగవచ్చు.

పని సంగతి ముందుగా తేల్చేయవచ్చు. ఈసీసీ83 అన్న పేరులో ‘ఈ’ 6.3 వోల్టుల హీటరును, రెండు ‘సీ’లు రెండు ట్రయోడ్లను, 8 తొమ్మిది పిన్నుల బేసును సూచిస్తాయి. అమెరికాలో దీన్నే 12ఏఎక్స్7 అంటారు. ఎవరు చేసినదైనా సాకెట్లో కూర్చుని అదే పని చేస్తుంది. తర్కానికి ఆధారమైన న్యాయదర్శనం మాటల్లో ఇది జాతి. సేకరించేవారికి కావలసింది వ్యక్తి, అంటే ఫలానా కార్ఖానాలో, ఫలానా కాలంలో తయారైన ఈ ఒక్క వాల్వు.

పేరుతో వచ్చే చిక్కు ఇంతకన్నా పెద్దది. ముల్లార్డ్ బ్రిటన్ కంపెనీయే అయినా 1927లో పూర్తిగా ఫిలిప్స్ చేతికి వచ్చింది. జర్మనీలోని వాల్వో, తర్వాత అమెరికాలోని ఆంపరెక్స్ కూడా ఫిలిప్స్ సంస్థలే. నెదర్లాండ్స్‌లోని హేర్లెన్‌లో తయారై, ఆంపరెక్స్ అచ్చుతో అమెరికా బజారుకెక్కిన వాల్వులు ఎన్నో. ఫిషర్ ఆంప్లిఫయర్లలో ఆ కంపెనీ పేరే ఉన్న కొన్ని వాల్వులు నిజానికి జర్మన్ కంపెనీ టెలిఫంకెన్ తయారీవి. ఇందులో మోసం లేదు, అప్పటి వ్యాపార పద్ధతి అది. మోసం తర్వాత వచ్చింది. ధరలు పెరిగాక పాత అచ్చు తుడిచి కొత్త పేరు వేసేవారు బయల్దేరారు.

అంటే వాల్వు ఏదన్నది తేలాలంటే, దాన్ని ఏ ప్రమాణంతో తెలుసుకుంటామన్నది ముందు తేలాలి. గాజు మీది అచ్చు శబ్దప్రమాణం, అంటే ఒకరు చెప్పిన మాట, కిందికి వస్తుంది. ఆప్తుడు, అంటే నమ్మదగినవాడు, చెప్పినదైతేనే శబ్దం ప్రమాణం. బొటనవేలితో రుద్దితే ఊడివచ్చే సిరా ఎవరి మాటో చెప్పలేం. కనుక అనుమానాన్ని, అంటే గుర్తును బట్టి తెలుసుకోవడాన్ని, ఆశ్రయించక తప్పదు. దానికి గుర్తుకూ వస్తువుకూ మధ్య తప్పని సంబంధం, వ్యాప్తి, ఉండాలి. టెలిఫంకెన్ వాల్వును తలకిందులు చేస్తే పిన్నుల నడుమ గాజులోనే చిన్న డైమండ్ ఆకారం కనిపిస్తుంది. గాజు మెత్తగా ఉన్నప్పుడు అచ్చులో పడిన గుర్తు అది. తయారీకీ దానికీ మధ్య ఎవరి మాటా లేదు. అయితే ఈ వ్యాప్తి ఒకవైపే నడుస్తుంది. డైమండ్ ఉంటే టెలిఫంకెన్ తయారీ అనవచ్చు. లేనంత మాత్రాన నకిలీ అనకూడదు, ఎందుకంటే ఇతరుల దగ్గర కొన్న వాల్వులను కూడా ఆ కంపెనీ తన పేరుతో అమ్మింది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గానీ నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదని, ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపించి తార్కికులు చెప్పింది ఇదే.

ముల్లార్డ్ గుర్తులు ఇంకా ఓపిక కోరతాయి. పిన్నులకు కాస్త పైన, గాజు మీద బూడిదరంగులో రెండు చిన్న వరుసలు ఉంటాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టి భూతద్దంతో చూస్తే గానీ తెలియవు. మొదటి వరుసలో ఐ61 అని ఉంటే అది ఈసీసీ83 అని, దాని నిర్మాణం ఏ దశలోదో తెలుస్తుంది. రెండో వరుసలో బీ7సీ2 అని ఉందనుకుందాం. బీ అంటే ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ కార్ఖానా, 7 సంవత్సరంలో చివరి అంకె, సీ అంటే మార్చి, 2 అంటే రెండో వారం. పొరపాటు పడేది ఇక్కడే. ఆ 7 ఒక్కటే చూస్తే 1957కూ సరిపోతుంది, 1967కూ సరిపోతుంది. సాధ్యం, అంటే నిరూపించవలసినది, ఉన్నచోటా లేనిచోటా కూడా కనిపించే హేతువును, తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో సవ్యభిచారం అన్నాడు. దానిమీద ఏ నిర్ణయమూ నిలవదు. మొదటి వరుస కోడ్, ప్లేట్ల పొడవు, లోపల మిగిలిన వాయువును పీల్చే గెటర్ చట్రం ఆకారం, అన్నీ కలిపి చూసినప్పుడే దశాబ్దం తేలుతుంది.

మరి చెవి సాక్ష్యమో? వినడం ప్రత్యక్షం కదా, అనుమానం కన్నా బలమైనదే కదా అనిపిస్తుంది. ఇక్కడ ‘చందనం సువాసనగా ఉంది’ అన్న శాస్త్రోదాహరణ పనికొస్తుంది. దూరాన గంధపుచెక్కను చూసినవాడికి, వాసన ముక్కుకు తగలకుండానే ఈ జ్ఞానం కలుగుతుంది. నైయాయికులు దీన్ని అలౌకిక ప్రత్యక్షం, అంటే మామూలు ఇంద్రియ సంబంధం లేకుండా కలిగే ప్రత్యక్షం, అన్నారు. వేదాంతపరిభాష రాసిన ధర్మరాజాధ్వరీంద్రుడు ఒప్పుకోలేదు. చెక్క మటుకే ప్రత్యక్షం, సువాసన పరోక్షం అన్నాడు. వాల్వుల విషయంలో ఆయన పక్షమే సరైనది. డైమండ్ గుర్తు చూసి సాకెట్లో పెట్టినవారికి వినిపించే ‘టెలిఫంకెన్ ధ్వని’లో విన్నదెంతో, తలచుకున్నదెంతో విడదీయడం కష్టం. పేరు తెలియకుండా, అదే ఆంప్లిఫయరులో, అదే పాటను, అంతే వాల్యూములో వాల్వులు మార్చి మార్చి విన్నప్పుడే ఆ సాక్ష్యానికి విలువ. అప్పుడు కూడా వాల్వు బాగుందో లేదో చెవి చెబుతుంది గానీ, ఎక్కడ పుట్టిందో చెప్పదు.

ఆగిపోయిన పేరు మళ్లీ లేచినప్పుడు ప్రశ్న మరింత పదునెక్కుతుంది. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ 300బీ వాల్వు 1938లో వచ్చి, 1988లో ఆగి, 1997లో అదే పేరుతో మళ్లీ తయారైంది. అది పాతదేనా? బౌద్ధుల దృష్టిలో వస్తువు స్థిరంగా ఉండేది కాదు, ఒక క్షణం మరో క్షణాన్ని పుట్టించే సంతానం, అంటే వరుస. ఆ కార్యకారణ వరుస ఉన్నప్పుడే ‘అదే’ అనడానికి అర్థం ఉంటుంది. ముల్లార్డ్ పేరుతో ఇప్పుడు వచ్చే వాల్వులు రష్యాలోని సరాతోవ్‌లో తయారవుతున్నాయి. బ్లాక్‌బర్న్ వాల్వులతో వాటికి ఉన్న సంబంధం పేరు వరకే. దీనికి ఎదురుగా బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి ఫిలిప్స్ సహకారంతో రేడియో వాల్వులు తయారుచేసింది. వాటి మీద ముల్లార్డ్ అని లేదు, కానీ పుట్టుకలో చుట్టరికం వాటికే ఎక్కువ.

అందుచేత అమ్మేవారైనా, తమ సేకరణకు జాబితా రాసుకునేవారైనా గాజు మీద ఏమి అచ్చయి ఉందో, గాజులో ఏ గుర్తు ఉందో, వాటినిబట్టి తాము ఏమి ఊహించారో విడివిడిగా రాయాలి. సరాతోవ్ వాల్వు మంచి వాల్వే కావచ్చు. బ్లాక్‌బర్న్ వాల్వుతో కలిపి దాన్ని ఒకే పేరు కింద రాయడం మాత్రం తప్పు.