వెతకబోయిన తీగ

"నువ్వెందుకు చెప్పావు అమ్మమ్మా?" అంది మా మనవరాలు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని.

నేను చెప్పింది తప్పేం కాదు. జవాబు అక్షరాలా సరైనదే. అయినా ఆ పిల్ల మొహం చూస్తే, దాని చేతిలోని జంతిక లాక్కుని తిన్నదాన్నల్లే అయిపోయాను.

ఇంగ్లండులో లెస్టర్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పటి సంగతి ఇది. ఆ ఊరికి దగ్గర్లోనే బ్రాడ్గేట్ పార్కు అని ఉంది. పార్కంటే మన మునిసిపాలిటీ పార్కులా నాలుగు సిమెంటు బెంచీలూ, రెండు ఉయ్యాలలూ అనుకునేరు! ఎనిమిది వందల ఎకరాలు దాటిన పాతకాలపు వేట అడవి అది. రాళ్ళగుట్టలు, వందల ఏళ్ళనాటి ఓకు చెట్లు, మనుషుల్ని బొత్తిగా లెక్కచెయ్యని జింకలు, మధ్యలో పాడుబడిపోయిన ఎర్ర ఇటుకల మేడ. ఒకప్పుడు దొరల సొత్తు. 1928లో చార్లెస్ బెన్నియన్ అనే ఆయన, బూట్లు కుట్టే యంత్రాల వ్యాపారిట, కొని ప్రజలకు ఇచ్చేశాడు.

ఓ ఆదివారం మా అమ్మాయి వాళ్ళ వీధిలో తల్లులు నలుగురు కలిసి అక్కడ పిల్లలకు నిధివేట పెట్టారు. పిల్లలందరికీ తలా ఒక కాగితం. దాని మీద పది పొడుపుకథలు. ఒకటి విప్పితే తరవాత ఎటు నడవాలో తెలుస్తుంది. ఆఖర్న నిధి. నిధంటే ఓ చాక్లెట్ల డబ్బా. కొండను తవ్వి ఎలకను పట్టడమంటే ఇదే కాబోలు అనుకుని, నేనూ శాలువా కప్పుకుని బయల్దేరాను.

మూడో పొడుపుకథ, మన భాషలో చెప్పాలంటే, "కొండమీద మగ్గుంది, తాగేవాడు లేడు, ఏమిటది?" అని. పిల్ల పెన్సిలు కొరుకుతూ చెట్లకేసీ, వాగుకేసీ చూస్తోంది. ఎదురుగా గుట్టమీద ఓల్డ్ జాన్ అనే బురుజు. 1784లో కట్టించారట. పక్కన చెవితో సహా అచ్చం మగ్గే! నాకు టక్కున కనబడింది. ఉండబట్టలేకపోయాను. "అదిగోనే, అదే!" అనేశాను.

పిల్ల కాగితం నా ఒళ్ళో పడేసి, "అయితే మిగతావి కూడా నువ్వే ఆడుకో" అంది.

దాన్ని బతిమాలి స్నేహితురాళ్ళతో పంపేసి, మా అమ్మాయీ నేనూ ఆ పాడుపడిన మేడ దగ్గర కూర్చున్నాం. అమ్మాయి ఆ మేడ కథ ఎత్తుకుంది. జేన్ గ్రే అనే చిన్నది ఈ ఇంటి పిల్లట. 1550లో ఆస్కమ్ అనే పండితుడు వచ్చేసరికి ఇంటిల్లిపాదీ పార్కులో వేటకెళ్ళారు. పదమూడేళ్ళ ఈ పిల్ల మాత్రం ఒక్కతీ కూర్చుని ప్లేటోను గ్రీకులో చదువుకుంటోందట. తల్లిదండ్రుల ఎదుట కూర్చున్నా, నించున్నా, ఏం చేసినా తప్పులు పట్టి గిల్లుతారనీ, పుస్తకం దగ్గరే తనకు సుఖమనీ ఆయనతో చెప్పుకుంది. చదువు తనంతట తాను వెతుక్కున్న నిధి. ఆ తరవాత పెద్దవాళ్ళు ఆవిడ అడగని నిధి ఒకటి తెచ్చి నెత్తిన పెట్టారు. కిరీటం! 1553లో తొమ్మిది రోజులు రాణి. 1554 ఫిబ్రవరిలో తల తీసేశారు. అప్పటికి పదహారు, పదిహేడేళ్ళు.

"ఇంకోటి విను" అంది అమ్మాయి. ఈ పార్కు చార్న్‌వుడ్ అనే అడవి ప్రాంతంలోది. 1956లో అక్కడే టీనా నీగస్ అనే పదిహేనేళ్ళ పిల్ల ఒక బండ మీద ఆకులాంటి అచ్చు చూసి, స్కూల్లో చెప్పింది. అంత పాతరాళ్ళలో శిలాజాలుండవని టీచరు కొట్టిపారేశారు. మరుసటేడు రోజర్ మేసన్ అనే కుర్రాడు అదే చూశాడు. వాళ్ళ నాన్న తనకు తెలిసిన భూగర్భ శాస్త్రజ్ఞుడికి చెబితే, ఆయన స్వయంగా వచ్చి చూశాడు. చూస్తే ఏముంది, యాభై కోట్ల ఏళ్ళ పైబడిన జీవి! దానికి ఆ కుర్రాడి పేరే పెట్టారు. తనకంటే ముందు టీనా చూసిందని మేసనే తరవాత ఒప్పుకున్నాడనుకోండి.

"ఇవన్నీ నీకెలా తెలుసే?" అన్నాను.

"నాకు చరిత్రంటే ఇష్టం కదమ్మా. నువ్వు మర్చిపోయావు" అంది నవ్వుతూ.

ఆ నవ్వులో నిష్ఠూరమేం లేదు. అదే గుచ్చుకుంది. ఇంటర్ అయ్యాక బి.ఏ.లో చరిత్ర తీసుకుంటానంటే, "అది చదివి ఏం చేస్తావే?" అని ఇంజనీరింగులో చేర్పించింది నేనే. చేర్పించినందువల్లే ఈ ఇల్లూ, ఈ ఉద్యోగమూ. జవాబు సరైనదే. కాని ప్రశ్న దానిది.

మనం పిల్లల్ని ప్రేమించే తీరు చూడండి. వాళ్ళకు కనబడింది మనకు కనబడకపోతే "అక్కడేం లేదు పో" అంటాం. మనకు కనబడింది వాళ్ళకు కనబడకపోతే "ఇదిగో" అని చేతిలో పెట్టేస్తాం. రెండింట్లోనూ వాళ్ళ కళ్ళకు పని లేకుండా చేసేది మనమే. బావిగట్టు మీద ఆడే పిల్లను రెక్కపట్టుకు లాగాల్సిందే, కాదనను. కాని పొడుపుకథ బావి కాదు కదా! ఏది బావో, ఏది పొడుపుకథో తెలుసుకోవడమే తల్లికి అసలు పరీక్షేమో. నేను అన్నిటినీ బావులే అనుకున్నాను.

సాయంత్రం ఓకు చెట్టు వేళ్ళ సందున డబ్బా అంచు నాకు కనబడనే కనబడింది. మా పిల్ల దాని పక్కనుంచే రెండుసార్లు వెళ్ళిపోయింది. నాలుక కరుచుకుని, శాలువా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. నిజం చెప్తున్నా, ఏకాదశి ఉపవాసం దానికంటే సులువు. చివరికి డబ్బా ఇంకో పిల్లకు దొరికింది. చాక్లెట్లు అందరూ పంచుకున్నారు. మా పిల్ల పరిగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, ఏడోది నేనొక్కదాన్నే చెప్పాను తెలుసా!" అంది. ఓడిపోయానన్న ధ్యాసే లేదు దానికి.

తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మాయితో మెల్లిగా అన్నాను. "పోనీ, ఇప్పుడైనా చరిత్రలో ఎం.ఏ. కట్టకూడదుటే?"

అది అద్దంలోంచి నాకేసి చూసి నవ్వింది.

"చూశావా, మళ్ళీ నువ్వే చెప్పేస్తున్నావు!"