తీగతో కట్టిన గేరు

ప్రియ చదువరీ, నీ యింట ఒక వస్తువు చెడిపోయినప్పుడు దానిని తక్కువ ఖర్చుతో బాగుచేసికొనుట మంచిదా, కాదా? మంచిదే యని నీవు వెంటనే చెప్పుదువు. మనము సేద్యము చేసికొని, కూలి చేసికొని బ్రదుకువారము. రూపాయి విలువ మనకు తెలియును. అయినను పొదుపు అను పేరుతో మనము చేయు పనులన్నియు పొదుపు కావు. కొన్ని పొదుపు, కొన్ని వాయిదా, కొన్ని మోసము. పైకి మూడును ఒక్క రీతిగానే కనబడును. వాటిని వేరుపరచుట నేను ఒక పాత కారు నొద్ద నేర్చుకొంటిని.

మా సంఘమునకు ఒక పాత అంబాసిడర్ కారు కలదు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను బట్టి ఈ బండ్లను బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివరి నుండి 2014 వరకు తయారుచేసిరి. మా బండి పాత రకము. దాని గేరు కాడ స్టీరింగు ప్రక్కనే యుండును. రాత్రివేళ పురిటి నొప్పులు వచ్చిన స్త్రీని గాని, పాము కరచిన వానిని గాని ఆసుపత్రికి చేర్చవలెనన్న మా యూరికి అదియే దిక్కు.

ఒకనాటి సాయంకాలము పట్టణము నుండి వచ్చుచుండగా దారిలో గేరు పడుట మానెను. బలవంతముగా వేసినను జారిపోవుచుండెను. రోడ్డు ప్రక్కనున్న సైకిలు షాపు కుఱ్ఱవాడు బానెట్టు ఎత్తి, లూజుగా నున్న ఒక కీలును ఇనుప తీగతో బిగించి కట్టెను. ఇల్లు చేరితిమి. చేరిన మరునాడే ఆ తీగ విప్పి పని చేయించవలసినది. బండి నడచుచున్నది గదా యని ఊరకుంటిమి. వారము గడచెను, రెండు నెలలు గడచెను. పట్టణములోని ఒక షెడ్డులో అడుగగా గేరు బాక్సు దింపి వేరొకటి వేయవలెననిరి. వారు చెప్పిన సొమ్ము మా కోతకాలపు కానుకలన్నియు కలిపినను చాలదు. కాబట్టి బండి అమ్మివేయుటకు కమిటీవారు తీర్మానించిరి.

కొనుటకు ఒక యువకుడు వచ్చెను. అరకు ఘాటు రోడ్డు మీద జనమును ఎక్కించుకొని తిప్పుదునని చెప్పెను. అతని భార్య చంటిబిడ్డ నెత్తుకొని వెనుక సీటులో కూర్చుండెను. అతడు బండి నడిపి చూచెను. ఆ దినమున గేర్లన్నియు చక్కగా పడెను. అతడు దిగి, "గేరు బాగానే ఉంటుందా అయ్యగారూ?" అని నన్నడిగెను.

చదువరీ, ఘాటులో దిగునప్పుడు చిన్న గేరులో ఇంజను బండిని పట్టి యుంచును. గేరు జారిపోయిన యెడల బరువంతయు బ్రేకుల మీద పడును. బ్రేకులు అదే పనిగా వేడెక్కినప్పుడు పట్టు తప్పును. ఈ సంగతి నాకు తెలియును. అయినను నేను వెంటనే జవాబు చెప్పలేదు. కొంచెము సేపు ఊరకుంటిని. ఆ కొంచెము సేపును తలంచుకొని నేటికిని సిగ్గుపడుదును. తరువాత బానెట్టు ఎత్తి తీగను చూపించితిని. అతడు చేతిలోని సొమ్ము జేబులో పెట్టుకొని, నమస్కారము చేసి వెళ్లిపోయెను. మరల రాలేదు.

మా కోశాధికారి నొచ్చుకొని, "అయ్యగారూ, అతను నడిపి చూసుకున్నాడు కదా. మనం అబద్ధమేమీ ఆడలేదే!" అనెను. నిజమే, మన నోరు అబద్ధమాడలేదు. కాని మన బదులు తీగ అబద్ధమాడుచున్నది. మనము పలుకవలసిన మాటను ఒక వస్తువు చాటున దాచినప్పుడు అది మౌనము కాదు, దొంగ త్రాసు.

బండి అమ్ముడు పోలేదు గనుక బాగుచేయక తప్పలేదు. ప్రక్క యూరిలో పని మానుకొన్న వృద్ధ మెకానిక్కు ఒకడుండెను. అతడు వచ్చి ముందుగా చక్రములకు రాళ్లు పెట్టించెను. జాకీని మాత్రమే నమ్మి ఎవనిని క్రిందికి పోనీయలేదు. ఇంజను ఆపి గేర్లు వేయించి చూచెను. ఇంజను ఆపినప్పుడు అన్ని గేర్లును సులువుగా పడి, నడుచుచుండగా మాత్రమే గరగరలాడిన యెడల తప్పు తరచుగా క్లచ్చులో నుండునట. మాకు ఇంజను ఆపినను పడలేదు. అప్పుడతడు గేరు బాక్సు మీది లివరును తన చేతితోనే కదిపెను. అది చివరంట చక్కగా కదలెను. "పెట్టెలో జబ్బు లేదండీ. చెయ్యి బాగానే ఉంది, మోచెయ్యే అరిగింది" అనెను.

ఆ కాడను ఎత్తి దించుటచేత ఏ గేరో ఎంచబడును. ముందు వెనుకలకు త్రిప్పుటచేత ఆ గేరు పట్టుకొనును. నడుమ రాడ్లును కీళ్లును, కీళ్లలో చిన్న బుష్‌లును కలవు. నాలుగు కీళ్లలో ఒక్కొక్కటి 2 మిల్లీమీటర్లు లూజైన యెడల కొసకు వచ్చుసరికి సుమారు 8 మిల్లీమీటర్ల కదలిక పోవును. ఏ ఒక్క కీలును చూచినను తప్పు పెద్దది కాదు. అయినను గేరు పడదు. రాడ్డు పొడవు సర్ది బిగించరాదా యని నేనడిగితిని. "బుష్ మార్చకుండా సర్దితే ఈ గేరు పడుతుంది, ఆ గేరు పోతుంది" అని అతడు చెప్పెను.

ఆ పాత బుష్‌లు కొట్లలో దొరకలేదు గనుక లేతు పనివానిచేత ఇత్తడివి నాలుగు చేయించితిమి. క్రొత్త పిన్నులు వేసి, గ్రీజు పెట్టి, ఆ తరువాతనే రాడ్డు సర్ది బిగించెను. తీగను విప్పి నా చేతిలో పెట్టెను. అంతయు కలిపి 700 రూపాయలు కాలేదు. గోటితో పోవుదానికి గొడ్డలి ఎత్తబోతిమి!

సత్యము చెప్పుటవలన లాభము కలుగునని నేను చెప్పుట లేదు. ఆ యువకుని సొమ్ము మాకు రాలేదు. బుష్‌లు కాక గేరు బాక్సే చెడి యుండిన యెడల మా నష్టము పెద్దదే. అప్పుడైనను తీగను చూపించవలసినదే.

కాబట్టి చౌక పని చేయునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుము. చెడినది ఏదో చూచితినా, లేక చప్పుడు మాత్రమే మాన్పితినా? ఇది మరల చెడిన యెడల దెబ్బ తినువాడు ఎవడు, నేనా, ఇతరుడా? నేను చేసినదానిని పట్టపగలు బానెట్టు ఎత్తి చూపగలనా? మూడింటికిని మంచి జవాబున్న యెడల అది ఎంత చౌకయైనను మంచి పనియే. ఇల్లు చేరుటకు తీగ కట్టుట తప్పు కాదు. ఆ తీగతోనే కాపురము చేయుట తప్పు. దానిని దాచి పరుని కంటగట్టుట పాపము.

మన యిండ్లలోను ఇట్టి తీగలు కలవు. గట్టు తగవు తీరకుండగనే పండుగనాడు నవ్వుకొను అన్నదమ్ములు కలరు. లెక్క చూపకుండగనే మూయబడిన సంఘపు పుస్తకములు కలవు. బండి నడచుచున్నది గదా యని మనమందుము. ఎదుటివాని హృదయమంతయు చెడినదని తీర్పు తీర్చకముందు నడుమ అరిగిన చిన్న కీలు ఏదో వెదకుము. అడుగవలసిన ఒక్క క్షమాపణ, చెల్లించవలసిన ఒక చిన్న బాకీ, అంతే కావచ్చును.

ఆ తీగ ముక్క ఇప్పుడు నా బల్ల మీద నున్నది. ప్రియ చదువరీ, నీ తీగ ఎక్కడ కట్టియున్నదో నీకు తెలియును. ఘాటు దిగకముందే దానిని విప్పుము.